దగదర్తిలో అమెరికా విమానం దిగేంత రన్‌వే వేస్తే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: రిటైర్డ్ టీచర్, కావలి

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పోయిన సంక్రాంతికి తెల్లవారుజామున 3 గంటలకు చెన్నైలో దిగింది. కారు మాట్లాడుకుని ముందురోజు రాత్రి 8కే బయల్దేరాం. తిరుగు దారిలో సూళ్లూరుపేట దాటాక మనవడికి రెండు వాంతులు. మా నెల్లూరు జిల్లాలోనే ఉన్న దగదర్తి అయితే మాకు దగ్గర. అక్కడ ఎయిర్‌పోర్టు కడతామంటున్నారు కదా, ఇంకో కిలోమీటరు పొడుగు వేసి పెద్ద విమానాలు దిగేట్టు చేస్తే ఏం పోయింది? మన రొయ్యలు అందులోనే విదేశాలకు పోతాయి, ఖర్చు తిరిగొస్తుంది అని నా వాదన. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు.

జవాబు: హేచరీ సూపర్‌వైజర్, అల్లూరు

మాస్టారూ, రొయ్యల మాట నాకొదిలేయండి. ఇక్కడి సరుకు ప్లాంటులో గడ్డకట్టించి, ఫ్రీజర్ కంటైనర్లలో ఓడ ఎక్కిస్తారు. అది నెల ఆలస్యమైనా చెడిపోయేది కాదు. విమానంలో పంపితే లాభమంతా కిరాయికే సరి.

విమానంలో వచ్చేవి హేచరీలో పిల్లలు తీయడానికి తెచ్చే తల్లి రొయ్యలు. మన చెరువుల్లో పెంచే వెనామీ రకం తల్లులు అమెరికా నుంచి థర్మాకోల్ పెట్టెల్లో వస్తాయి. లోపల ఆక్సిజన్ నింపిన సంచి, సంచి చిరగకుండా తల మీది ముల్లుకి చిన్న ట్యూబు ముక్క తొడుగు. ఆ ముక్కలు పీకేటప్పుడు మా కుర్రాళ్ల చేతులు వణుకుతాయి, ఒక్కో తల్లి ఖరీదు అట్టాంటిది! అవి చెన్నైలో దిగేది రన్‌వే కోసం కాదు. క్వారంటైన్ కేంద్రం అక్కడ నీలాంకరైలో ఉంది. క్వారంటైన్ గడువు పూర్తయ్యాకే మాకు అప్పగిస్తారు. దగదర్తిలో 4 కిలోమీటర్ల రన్‌వే వేసినా మా వ్యాను రాత్రిపూట చెన్నై పోవాల్సిందే.

జవాబు: ఎయిర్‌పోర్టు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేసి వచ్చాను, ఒంగోలు

పొడుగు ఒక్కటే చాలదండీ. పెద్ద విమానం బరువుకి రన్‌వే మందం పెరగాలి, విమానం రన్‌వేకి వెళ్లొచ్చే దారి (టాక్సీవే) వెడల్పవ్వాలి, ఫైరింజన్లు పెరగాలి, ఇమిగ్రేషన్, కస్టమ్స్ సిబ్బంది రాత్రంతా ఉండాలి. వారానికి రెండు విమానాలొచ్చినా ఈ జీతాలు తప్పవు. మన రోహిణీ కార్తె ఎండకి గాలి పలచబడి, పైకి లేవడానికి ఇంకా దూరం పరిగెత్తాలి.

గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు. 2018 డిసెంబరులో అక్కణ్ణుంచి సింగపూర్‌కి సర్వీసు మొదలైంది. అదీ చిన్న విమానమే, నష్టం వస్తే సర్కారు భర్తీ చేసే ఒప్పందం మీద. మరుసటి ఏడాదే ఆగింది. హైదరాబాదు నుంచి చికాగోకి 2021లో ఎయిర్ ఇండియా నేరుగా నడిపింది, తర్వాత మానేసింది. హైదరాబాదులో నిలవంది నెల్లూరులో నిలుస్తుందా? మనవాళ్లు వచ్చేది సంక్రాంతికి, వేసవి సెలవులకి, పెళ్లిళ్లకి. మిగతా రోజుల్లో 300 సీట్లు ఎవరితో నింపాలి?

నన్నడిగితే, పక్కన భూమి మాత్రం ఇప్పుడే ఉంచుకోవాలి. ఇళ్లు లేచాక ఎకరం ఎంత చెప్తారో మీకు తెలుసు. రన్‌వే చిన్న విమానాలకి సరిపడా వేసి, పొద్దున్నే ఒకటి హైదరాబాదుకి, ఒకటి బెంగళూరుకి వేస్తే మీ అమ్మాయి అక్కడ మారి వచ్చేస్తుంది.

మళ్లీ ప్రశ్న వేసినాయన:

అట్టాగైతే సామాను రెండుసార్లు ఎక్కించి దించే బాధ ఉంది. అయినా చెన్నై రోడ్డు కంటే మేలే అంటోంది మా ఆవిడ. రొయ్యల సంగతి మాత్రం రేపు వాకింగ్‌లో ఎత్తను. వచ్చే నెల అమ్మాయి మళ్లీ వస్తోంది, కారు ఇప్పుడే చెప్పిపెట్టాలి.