చెట్లు కోసే పెట్రోల్ మిషన్ వేడెక్కినంక బంద్ పడ్తాంది, పిస్టన్ మార్చుడేనా?

పరకాల పత్తి రైతు:
అన్నలందరికి నమస్తే. మా దగ్గర 58 సీసీ చైన్ మిషన్ ఉంది, 22 ఇంచుల బార్‌ది, గెట్ల మీద ఎండిపోయిన తుమ్మలు వేపలు కోస్తానం. పొద్దుగాల చోక్ ఏసి గుంజితే మంచిగనే లేస్తది, రేస్ గూడ ఎత్తుకుంటది, సగం ట్యాంకు అయ్యేదాక కోస్తది గని తర్వాత మెల్లగ దమ్ము తగ్గి బంద్ పడ్తాంది, గప్పుడు ఎంత తాడు గుంజినా లేవది. చాయ్ తాగొచ్చేసరికి మళ్ళ లేస్తది. ప్లగ్ కొత్తది ఏసినం, ఎయిర్ ఫిల్టర్ కడిగినం. ఒక దగ్గర చూపిస్తే పిస్టన్, బోర్ మొత్తం మార్చాలంటాండ్రు, నిజమేనా? ఇంకోటి, కోత సీదా పోతలేదు, ఒక దిక్కుకు ఒంగుతాంది, పొగ గూడ వస్తాంది. వానలు పడకముందే గెట్లు సాపు జేస్కోవాలె, జర చెప్పుండ్రి.

నర్సంపేట మిర్చి:
పాత పెట్రోల్ ఉంటే పారబోయి తమ్మీ. ఇప్పుడు బంకుల 20 శాతం దాక ఇథనాల్ కలుస్తాంది, నిల్వ ఉంటే నీళ్ళు గుంజుకుంటది.

ములుగు రోడ్ మెకానిక్:
పిస్టన్‌కు పైసలు పెట్టకు ఇప్పుడే. మళ్ళ బంద్ పడ్డప్పుడు తాడు గుంజకుండ ముందుగాల పెట్రోల్ మూత మెల్లగ తిప్పు. సుయ్‌మని గాలి లోపలికి గుంజుకొని, మూత పెట్టంగనే మిషన్ లేస్తే ట్యాంకు గాలి రంధ్రం మూస్కపోయినట్టే. పెట్రోల్ బయటికి పోయినకొద్ది లోపలికి గాలి రావాలె, రాకుంటే కార్బ్యురేటర్‌కు పెట్రోల్ ఎక్కది, నువ్వు చాయ్ తాగేటప్పుడు గాలి మెల్లమెల్లగ దూరుతది కాబట్టి మళ్ళ నడుస్తది. మూత తిప్పినా లేవకుంటే ఆ వేడి మీదనే ప్లగ్ ఇప్పి స్పార్క్ చూడు, ప్లగ్ రంధ్రానికి, ట్యాంకుకు దూరం పట్టుకొని. వేడికి స్పార్క్ పోయి చల్లారినంక వస్తే స్పార్క్ ఇచ్చే కాయిల్ ఖరాబైనట్టు. రెండూ మంచిగుంటే ట్యాంకుల ఫిల్టర్‌ను వంపు తీగతోని బయటికి గుంజి చూడు, పైపు పగిలిందా గూడ చూడు.
పిస్టన్ మీద అనుమానముంటే మిషన్ చల్లగున్నప్పుడు సైలెన్సర్ ఇప్పు, ఆ రంధ్రంల నుంచి పిస్టన్ కనబడ్తది. నున్నగ ఉంటే ఎవ్వలు చెప్పినా మార్చకు, నిలువు గీతలు పడి ఉంటే అప్పుడు మాట్లాడుదాం. పెట్రోల్‌ల కలిపే 2టీ ఆయిల్ ఎంత పోస్తానవ్? ఇసొంటి 58 సీసీ మిషన్లకు ఎక్కువగ 25:1 అని రాస్తరు, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. నీ పుస్తకంల ఏముంటే గదే పట్టుకో, తక్కువ పోస్తే పిస్టన్ నిజంగనే పోతది.

భూపాలపల్లి:
మూత వదులుగ పెట్టి నడిపిస్తే అయిపాయె గదా.

ములుగు రోడ్ మెకానిక్:
వద్దే వద్దు తమ్మీ. మిషన్ వంచి కోస్తం, పెట్రోల్ కారి సైలెన్సర్ మీద పడితే అంటుకుంటది. మూతకు బెజ్జం గూడ కొట్టొద్దు. గాలి వాల్వ్ దొరుకుతది, మస్తు తక్కువ ధర.

పరకాల పత్తి రైతు:
అన్నా నువ్వు చెప్పినట్టే సుయ్‌మన్నది! మూత తిప్పంగనే మొదటి గుంజుడుకే లేచింది. సైలెన్సర్ ఇప్పి చూసినం, పిస్టన్ అద్దం లెక్క ఉంది. వాల్వ్ తెప్పిస్తాన. ఇగ చైన్ సంగతి?

మేడారం దిక్కు కట్టెకోత:
పొట్టు చూడు తమ్మీ, పిండి లెక్క రాలుతాందంటే పదును లేదు, పొగ గందుకే. ఒంగుతాందంటే ఒక దిక్కు పళ్ళు మొద్దుబారినయ్ గాని బార్ అంచు అరిగింది గాని. ఎండిన తుమ్మ గట్టిది, మొదట్ల బెరడుకు మట్టి ఉంటే ఒక్క కోతకే పదును పోతది, ముందు గొడ్డలితోని ఆ బెరడు చెక్కెయ్యి. 0.325 ఇంచుల పిచ్ (లింకుల ఎడం) చైన్ అయితే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పన్ను మీద గీతను బట్టి 30 డిగ్రీలకు, లోపలి నుంచి బయటికే రాకు, రెండు దిక్కుల పళ్ళకు సమానంగ. పన్ను ముంగట బొడిపె పన్ను కొస కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికుంటే సాలు, ఎక్కువ రాకితే ఎగిరి కొడ్తది. బార్ ముక్కుతోని ఎన్నడు కొయ్యకు, మొఖం మీదికి లేస్తది. పదును పెట్టినప్పుడల్లా బార్ తిర్గేసి ఎక్కించు, దాని ఆయిల్ బెజ్జం పుల్లతోని తీసి, రేస్ ఇచ్చి ముక్కును అట్ట దిక్కు పెట్టు. అట్ట మీద ఆయిల్ గీత పడకుంటే కోతకు దిగకు.