దే మైట్ బి జెయింట్స్ పాటలను హాస్యగీతాలుగానే వినాలా?

గోదారిగట్టు:

మేము న్యూజెర్సీలో ఉంటాము. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడిలో విన్న ఒక పాటను నెల రోజులుగా ఇల్లంతా తిరుగుతూ పాడుతోంది. సూర్యుడు ఎందుకు ప్రకాశిస్తాడో చెప్పే ఆ పాట పాడినవారు దే మైట్ బి జెయింట్స్ అని తెలిసి, వీరు పిల్లల పాటల బ్యాండే అనుకొని, మొన్న కారులో వారి మొదటి ఆల్బమ్ పెట్టాను. బాణీ గంతులు వేయించేలా ఉంది, వెనుక సీటులో పిల్ల చప్పట్లు కొడుతోంది. నేను మాటలు పట్టించుకొని వింటే, "డోంట్ లెట్స్ స్టార్ట్" అనే పాటలో ఈ లోకంలో ఎవరికీ కోరుకున్నది దక్కదనీ, అందరూ తీరని దిగులుతోనే పోతారనీ, అదీ అందమేననీ ఉంది! ఆపాలో ఉంచాలో తెలియక చివరిదాకా విన్నాను, రాత్రి పిల్ల పడుకున్నాక మరో రెండుసార్లు విన్నాను. చాలామంది వీరిని హాస్య బ్యాండ్ అంటున్నారు. నాకు అందులో నవ్వు వినిపించింది గాని వెక్కిరింత వినిపించలేదు. వీరిని ఎలా వినాలో, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

తోకచుక్క:

గోదారిగట్టు గారూ, మీరు విన్నది సరిగ్గానే విన్నారు. నేను కాలేజీ రోజుల నుంచి వీరి అభిమానిని, హాస్య బ్యాండ్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మసాచుసెట్స్‌లోని లింకన్ అనే ఊళ్లో కలిసి పెరిగిన జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లినెల్ అనే ఇద్దరు స్నేహితులు 1982లో బ్రూక్లిన్‌లో ఈ బ్యాండ్‌ను మొదలుపెట్టారు. ఒకరి చేతిలో గిటార్, మరొకరి భుజాన అకార్డియన్. డ్రమ్స్ వాయించే మనిషి లేడు గనుక ఆ పని డ్రమ్ మెషీన్ చేసేది.

వీరి పాట తీరు అర్థం కావాలంటే డయల్-ఎ-సాంగ్ గురించి తెలియాలి. లినెల్ మణికట్టు విరగడం, ఫ్లాన్స్‌బర్గ్ ఇంట్లో దొంగలు పడడం దాదాపు ఒకేసారి జరిగి కచేరీలు ఆగిపోయినప్పుడు, వీరు ఇంట్లోని ఆన్సరింగ్ మెషీన్‌లో తమ పాట రికార్డు చేసి, ఆ ఫోన్ నంబరును పత్రికలో ప్రకటించారు. అది మామూలు బ్రూక్లిన్ నంబరే, మామూలు కాల్ చార్జీయే. మీరు నంబరు తిప్పుతారు, అటువైపు మెషీన్ టక్కుమని ఎత్తుతుంది, గరగర మధ్య ఒక పాట వినిపిస్తుంది, అంతే. ఒకసారికి ఒక్కరే వినగలరు, మిగిలినవారికి ఎంగేజ్ టోన్ వస్తుంది. ఏ కంపెనీ అనుమతీ అవసరం లేకుండా, ఒక పాటకు ఒక శ్రోత చొప్పున వీరు జనాన్ని సంపాదించుకున్నారు. ఫోన్‌లో వినేవారు నచ్చకపోతే వెంటనే పెట్టేస్తారు కదా, అందుకే మొదటి నాలుగు క్షణాల్లోనే చెవి పట్టుకొనే బాణీ, రెండు మూడు నిమిషాల్లో ముగిసే పాట వీరికి అలవాటయ్యాయని నా నమ్మకం.

హాస్యం సంగతికి వస్తాను. 1990లో వచ్చిన "ఫ్లడ్" ఆల్బమ్‌లో "బర్డ్‌హౌస్ ఇన్ యువర్ సోల్" అనే పాట ఉంది. బ్రిటన్ చార్టులో ఆరో స్థానం దాకా వెళ్లింది. పాడుతున్నది మనిషి కాదు, పిల్లల గదిలో స్విచ్చు పక్కన వెలిగే నీలిరంగు పిట్ట ఆకారపు చిన్న దీపం. మన ఇళ్లలోని జీరో బల్బు లాంటిదనుకోండి. వినగానే నవ్వు వస్తుంది. కాని ఆ దీపం తన వంశం గురించి చెప్పుకుంటుంది: తన పూర్వికులు సముద్రపు రాళ్ల మీద నిలబడి ఓడలు పగిలిపోకుండా కాపాడిన లైట్‌హౌస్‌లట. అంత చిన్న వస్తువుకు అంత గౌరవం ఇచ్చి, ఎక్కడా కన్నుగీటకుండా చివరిదాకా పాడతారు. వీరి హాస్యమంతా ఇక్కడే ఉంది: ఎవరూ పట్టించుకోని దాన్ని పూర్తి శ్రద్ధతో పట్టించుకోవడం. మీరు "ఫ్లడ్"తోనే మొదలుపెట్టండి.

పాతరేడియో:

తోకచుక్క గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, పిల్లల ఆల్బమ్‌లను దాటేసి వెళ్లవద్దని మనవి. ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీతో 1996 ఆల్బమ్ దాకా పనిచేసి బయటికి వచ్చాక, వీరు 1999లో "లాంగ్ టాల్ వీకెండ్" అనే ఆల్బమ్‌ను కేవలం ఎంపీ3 రూపంలో ఇంటర్నెట్‌లో విడుదల చేశారు. ఐపాడ్ అప్పటికి పుట్టనే లేదు. ఒక టీవీ హాస్య ధారావాహికకు రాసిన శీర్షిక గీతానికి 2002లో గ్రామీ వచ్చింది. అదే ఏడాది మొదటి పిల్లల ఆల్బమ్ తెచ్చారు.

మీ అమ్మాయి పాడుతున్న పాట అసలు 1959 నాటిది, సూర్యుడు మండుతున్న వాయువు ముద్ద అని చెబుతుంది. వీరు దాన్ని 2009లో "హియర్ కమ్స్ సైన్స్" అనే పిల్లల ఆల్బమ్‌లో మళ్లీ పాడి, వెంటనే మరో పాట చేర్చారు: సూర్యుడు వాయువు కాదు, ప్లాస్మా (విపరీతమైన వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన స్థితి) అని ఆ రెండో పాట మొదటిదాన్ని సరిదిద్దుతుంది. పాత పాటను తీసేసి ఊరుకోవచ్చు, లేదా తప్పును అలాగే వదిలేయవచ్చు. అలా కాకుండా పిల్లల ఎదుటే, పాటగానే దిద్దుకున్నారు. ఇరవై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించినవాడిగా ఆ రెండు పాటలను నేను వరుసగా వినిపించేవాడిని. మీ అమ్మాయికి రెండోది కూడా తప్పక వినిపించండి.

ఇక చావు గురించిన మాటలంటారా, ఏక్‌తార మీద హుషారుగా సాగే మన తత్వాలలో ఉన్నదీ అదే కదా. మా తాతగారు వాటిని పాడుతుంటే మేము పిల్లలం చుట్టూ గంతులు వేసేవాళ్లం. మాకు ఏ కీడూ జరగలేదు.

ఏడోమెట్టు:

పైవారు చెప్పనిది ఒక్కటి. 1992 నాటి "అపోలో 18"లో "ఫింగర్‌టిప్స్" పేరుతో ఇరవై ఒక్క తునకలు ఉన్నాయి, కొన్ని కొద్ది సెకన్లే. సీడీని షఫుల్‌లో పెట్టి వినమని వారే సూచించారు. పెద్ద పాటల మధ్య ఈ తునకలు ప్రతిసారీ వేరే చోట దూరుతాయి. మొదటి ఆల్బమ్ నుంచి దీనిదాకా ఆల్బమ్‌లను వచ్చిన వరుసలోనే వింటే బాగుంటుంది. పూర్తి బ్యాండ్‌తో రికార్డు చేసినవి 1994 నుంచి వచ్చాయి, అవి ఆ తరువాత.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి దీపం పాట, సూర్యుడి రెండో పాట ఇద్దరం కలిసి విన్నాము. పాతరేడియో గారూ, "అంటే నేను నెల రోజులుగా తప్పు పాడుతున్నానా" అని మా అమ్మాయి కాసేపు అలిగింది, తరువాత రెండూ నేర్చుకుంటానంది. పడుకోబోయే ముందు తన గదిలోని చిన్న దీపానికి కూడా తాతయ్య లైట్‌హౌస్ ఉంటుందా అని అడిగింది. 1764 నుంచి వెలుగుతున్న శాండీ హుక్ లైట్‌హౌస్ మాకు గంట దూరంలో ఉంది. శనివారం తీసుకువెళ్తున్నాను, దారిలో "ఫ్లడ్" పెడతాను.