స్థలం కొనేముందు చిత్తడి నేలో కాదో తేల్చుకోవడం ఎలా?

కొత్తకొలను: ఇంటికి ఒక స్థలం నచ్చింది. వెనక మూల వానాకాలంలో నీళ్లు ఆగుతాయని పక్కవాళ్లు అంటున్నారు. మ్యాపులో మాత్రం ఏమీ లేదు. ఎవరికి చూపించాలి? అనుమతి ఆగిపోతుందా?

ఇటుకలరాణి: మ్యాపును నమ్మి సంతకం పెట్టకండి. చాలా మ్యాపులు పైనుంచి తీసిన చిత్రాలు చూసి గీసినవే. చెట్ల కింది తడి, చిన్న మడుగులు వాటిలో పడవు. మాకు అమ్మినాయన మండుటెండల్లో చూపించాడు, అదీ మెరక వేసి చదును చేయించాక! పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదికేడాది తిప్పి చూడండి.

శ్రీలత: పైన నీళ్లు కనబడాలనేం లేదు. మొక్కలు చూడండి. జమ్ము, తుంగ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

మెట్టరైతు: తుంగ ఉంటే చిత్తడేనా? మా మెట్టచేలో తుంగ పీకలేక నడుములు పోతున్నాయి.

శ్రీలత: తుంగల్లో వందల రకాలున్నాయండీ. నేనన్నది నీళ్లలో నిలబడి పెరిగేవి.

మెట్టరైతు: ఆ ముక్క ముందే రాయాలి. ఇలాంటి మాట విని మంచి నేల వదులుకునేవాళ్లుంటారు.

మట్టిపరీక్ష: ఏళ్లుగా నా పనే ఇది. మొక్కల దగ్గరే కొట్టుకుంటున్నారు. నీరు, మొక్కలు, మట్టి మూడూ చూడాలి. మొక్కలు పీకేయొచ్చు, నీళ్లు కాలవ తీసి పంపేయొచ్చు. మట్టి రంగు అంత తొందరగా మారదు. అరమీటరు గుంట తవ్వండి, మెరక ఉంటే అది దాటి పాత నేల దాకా. నానిన మట్టికి గాలి అందక ఇనుము కరిగి జరిగిపోతుంది, మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. వేళ్ల వెంట గాలి తగిలినచోట తుప్పురంగు చారలుంటాయి. డైపిరిడిల్ అనే పరీక్ష ద్రావణం చుక్క వేసి చూడండి, కరిగిన ఇనుముంటే ఎర్రబడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంకేం చూడక్కర్లేదు.

మెట్టరైతు: మీరూ అదే వరస. మురుగు పైపు పగిలినా ఆ వాసనే వస్తుంది.

తీరవాసి: సముద్రం దగ్గర నేలైతే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉందేమో కూడా చూపించండి. తవ్వి గాలికి పెడితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టి కాంక్రీటును తినేస్తుంది.

చదువరి: చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న 1971 రామ్సర్ ఒప్పందం ప్రకారం పోటు తగ్గినప్పుడు ఆరు మీటర్ల లోతు మించని సముద్రపు నీరు కూడా చిత్తడి నేల కిందికే వస్తుంది.

మట్టిపరీక్ష: ఇంటి అనుమతికి అది పనికిరాదు. అక్కడి చట్టం ఏం రాసిందో అదే లెక్క.

వేణు_కట్టుబడి: ఇంత గొడవెందుకు, నాలుగు లారీల మట్టి తోలించి పైన కట్టుకోవచ్చుగా.

ఇటుకలరాణి: మా పక్క స్థలంవాళ్లు అదే చేశారు. అక్కడ ఆగే నీళ్లు ఇప్పుడు మా వంటింట్లోకి వస్తున్నాయి. దయచేసి ఇలాంటి సలహాలివ్వకండి!

వేణు_కట్టుబడి: పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వేస్తే ఇల్లు కదలదని చెబుతున్నా.

ఇటుకలరాణి: మీ ఇల్లు కదలదు సరే, నీళ్లెటు పోవాలి?

కొత్తకొలను: అనుమతి సంగతి ఎవరూ చెప్పలేదు.

సుధారాణి: చిత్తడని తేలితే ఆ భాగంలో కట్టనివ్వకపోవచ్చు, దానికి ఇంత దూరం వదలమనీ అనొచ్చు. అనుమతులిచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బయానా ఇచ్చేముందే, పరీక్షలో చిత్తడని వస్తే సొమ్ము వెనక్కివ్వాలని ఒప్పందంలో రాయించండి. మా తమ్ముడి డబ్బు ఆ ఒక్క వాక్యంతోనే తిరిగొచ్చింది.