'కిరాయి యుద్ధనౌక' అనవచ్చా?

'హైర్డ్ ఆర్మ్‌డ్ వెసెల్' (అద్దెకు తీసుకున్న ఫిరంగుల ఓడ) అనే మాటను 'కిరాయి యుద్ధనౌక' అని రాశాను, సరిపోతుందా అని నిన్న ఒక చెల్లెమ్మ ఇక్కడ అడిగారు. 1805లో స్పెయిన్ తీరం దగ్గర బ్రిటన్ గెలిచిన ట్రఫాల్గర్ సముద్రయుద్ధపు వార్తను ఇంగ్లండుకు మోసుకొచ్చిన 'పికిల్' అనే చిన్న ఓడ కథను పిల్లల కోసం తెలుగు చేస్తున్నారట. కింద చాలామంది బాగుందన్నారు. నాకు మాత్రం ఆ మాట దగ్గర మనసు ఒప్పుకోలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

కిరాయి అనే మాటలో తప్పేమీ లేదు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. తెలంగాణలో ఇల్లు కిరాయికే దొరుకుతుంది, అందులో ఉండేది కిరాయిదారే. కానీ దాని పక్కన ఒక ఆయుధం పెట్టి చూడండి. కిరాయి హంతకుడు, కిరాయి మూక, కిరాయి సైన్యం. డబ్బిస్తే ఎవరి మీదికైనా పోయేవాడన్న అర్థం వెంటనే అంటుకుంటుంది. ఏడో తరగతి చదివే మా అన్న కొడుకును రాత్రి అడిగాను, కిరాయి యుద్ధనౌక అంటే నీకేమనిపిస్తోందిరా అని. "డబ్బులు తీసుకుని వేరేవాళ్ల తరఫున కొట్లాడే ఓడ" అన్నాడు.

అసలు సంగతి అది కాదు. 1793లో మొదలై 1815 దాకా ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాల్లో బ్రిటన్ నౌకాదళానికి పెద్ద ఓడలకు కొదవ లేదు. ఉత్తరాలు మోయడానికి, వర్తకుల ఓడల వెంట కాపలాగా పోవడానికి, శత్రువు రేవుల మీద కన్నేసి ఉంచడానికి చిన్న ఓడలే చాల్లేదు. అందుకని సొంతదారులతో ఒప్పందం రాసుకుని కట్టర్లు, లగ్గర్లు, స్కూనర్లు అనే చిన్న తెరచాప ఓడలు తీసుకునేవారు. చాలాసార్లు కళాసులను కూడా సొంతదారే ఇచ్చేవాడు. ఓడను నడిపించేది మాత్రం ఎక్కువగా నౌకాదళం అధికారి, లెఫ్టినెంటు. అద్దె ఓడకు కట్టారు, దాని విశ్వాసానికి కాదు.

ఇక పికిల్ సంగతి. చెల్లెమ్మ అనువాదంలో నాకు కనిపించిన పెద్ద చిక్కు ఇక్కడుంది. ఈ ఓడ 1799లో అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవుల్లో తయారైంది, అసలు పేరు 'స్టింగ్'. పొడవు 73 అడుగులు, అంటే మన ఆర్టీసీ బస్సులు రెండు వరసగా నిలబెట్టినంత. జమైకా దగ్గర బ్రిటన్ నౌకాదళాధిపతి లార్డ్ హ్యూ సీమోర్ దీన్ని మొదట కొంతకాలం రోజుకు 10 పౌన్ల చొప్పున అద్దెకు తీసుకున్నాడు. తర్వాత 1800 చివర్లో పైవాళ్ల ఆదేశాలను పక్కనపెట్టి 2,500 పౌన్లకు కొనేశాడు. బేరం ముగిశాక లండన్‌లో వాళ్లు చేసేదేముంది, 1801లో పేరు మార్చి పికిల్ అన్నారు. అదే ఏడు సీమోర్ జ్వరంతో చనిపోతే ఆయన భౌతికకాయాన్ని ఇంగ్లండుకు చేర్చింది కూడా ఈ ఓడే. అది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

అంటే 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర ఉన్న పికిల్ అద్దె ఓడ కాదు, నౌకాదళం సొంత ఓడ. అద్దె ఓడ అన్న మాట స్టింగ్ అనే పేరున్న ఆ కొద్దికాలానికే చెల్లుతుంది. చెల్లెమ్మ మాత్రం కథ చివరిదాకా కిరాయి నౌక అనే రాశారు. మాట ఎంత మంచిదైనా కాలం తప్పితే చరిత్ర తప్పుతుంది కదా.

ఆ రోజు దాని పని కొట్లాట కూడా కాదు. ఫ్రెంచి ఓడ అషిల్ తగలబడుతుంటే సముద్రంలోకి దూకిన శత్రువుల్ని పైకి లాగింది. 40 మంది పనిచేసే ఓడలోకి వందమందికి పైగా చేరారు. వాళ్లలో జానెట్ అనే ఆడమనిషి కూడా ఉంది. ఈ ఘట్టాన్ని చెల్లెమ్మ ఒక్క వాక్యంలో దాటేశారు, దయచేసి పెంచండి.

బాడుగ అంటే పోలా అని నెల్లూరు అన్న అడిగారు. ఆ మాట నాకూ ఇష్టమే. తమిళంలో వాడగై, కన్నడంలో బాడిగె, మన సీమలో, నెల్లూరులో బాడుగ. ఆటో మాట్లాడుకున్నట్టే 'బాడుగకు మాట్లాడుకున్న ఓడ' అంటే పిల్లలకు వెంటనే అందుతుంది, చెడ్డ వాసన రాదు. ఇంకొకరు 'కేవు' అనే పాత మాట తెచ్చారు, మంచి పని చేశారు. కానీ కేవు అంటే ఓడలో సరుకు పంపినందుకో మనిషి ఎక్కినందుకో ఇచ్చే కూలి. ఓడ మొత్తాన్ని తీసుకోవడానికి అది అతకదు.

నేనైతే స్టింగ్‌గా ఉన్నన్నాళ్లూ 'నౌకాదళం అద్దెకు తీసుకున్న ఓడ' అని, కొన్నాక 'నౌకాదళపు చిన్న ఓడ' అని రాస్తాను. ఆయుధాల మాట విడిగా, ఫిరంగులున్నాయి అని చెబితే చాలు. పికిల్ అనే పేరును తెలుగు చేయవద్దు.

వరంగల్ తమ్ముడు, కిరాయిని అంత తీసిపారేయొద్దని మీరు రాసింది చూశాను. తీసిపారేయలేదు తమ్ముడూ. ఈ కథలోనే దానికి చక్కగా అమరే చోటుంది. వార్త తీసుకుని బయల్దేరిన పికిల్ తుఫానులో చిక్కింది. నీళ్లు తోడుతూ, బరువు తగ్గించడానికి ఫిరంగులు కొన్ని సముద్రంలో పడేసి, నవంబరు 4న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు చేరింది. అక్కణ్ణుంచి దాని అధికారి లెఫ్టినెంట్ జాన్ లాపెనోటియర్ గుర్రబ్బండి ఎక్కాడు. 271 మైళ్లు, 21 చోట్ల గుర్రాలు మార్చి, 37 గంటలు దాటాక, 6వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటకు లండన్‌లో నౌకాదళ పెద్దల కార్యాలయం అడ్మిరల్టీ తలుపు తట్టాడు. గెలిచామనీ, ఆ యుద్ధంలో మన నౌకాదళాన్ని నడిపిన నెల్సన్ పోయాడనీ చెప్పాడు. దారి ఖర్చుల చిట్టా మజిలీ మజిలీకీ రాసి ఇచ్చాడు. మొత్తం 46 పౌన్లు, 19 షిల్లింగులు, 1 పెన్నీ. ఆ గుర్రాలకూ బండ్లకూ ఇచ్చింది కిరాయే తమ్ముడూ, అక్కడ మీ మాటే పెట్టమందాం.