షంట్ ఆపరేషన్ తర్వాత తగ్గని కడుపునొప్పి: ఈ అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

హైడ్రోకెఫాలస్ కారణంగా 7 నెలల క్రితం నాకు వీపీ షంట్ అమర్చారు. మెదడులో పేరుకునే నీరు చెవి వెనుక ఉన్న వాల్వ్ గుండా, మెడ, ఛాతీ చర్మం కింద నుంచి సాగే సన్నని గొట్టం ద్వారా కడుపులోకి చేరితే, అక్కడి పొర దానిని పీల్చుకుంటుంది. తలనొప్పి, నడకలో తూలడం చాలావరకు తగ్గాయి కనుక ఆపరేషన్ విషయంలో నాకు అసంతృప్తి లేదు.

అయితే 3 నెలలుగా పొత్తికడుపులో కుడివైపు, లోపలి నుంచి సూదితో పొడుస్తున్నట్టు నొప్పి వస్తోంది. వంగి చెప్పులు తొడుక్కునేటప్పుడు, నిండుగా ఊపిరి పీల్చినప్పుడు, మూత్రవిసర్జన ముగిసే క్షణంలో అది మరీ ఎక్కువవుతుంది. మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుంటే కాసేపటికి సద్దుమణుగుతుంది. జ్వరం, వాంతులు లేవు. గొట్టం కొస దగ్గర నీటితిత్తి ఏర్పడిందేమో, ఇన్ఫెక్షన్ సోకిందేమో అని అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు చేశారు గానీ ఏమీ బయటపడలేదు. గొట్టం కొస లోపలి పొరకు తగులుతూ ఉండవచ్చని, మలబద్ధకం రాకుండా చూసుకోమని చెప్పి పంపారు. (ఆ మాట నిజమే, మలబద్ధకం ఉన్న రోజు నొప్పి రెట్టింపవుతుంది.)

ఇటువంటి నొప్పి పడినవారికి అది కాలక్రమేణా తగ్గిందా, గొట్టం కొసను సరిచేయించుకోవలసి వచ్చిందా, లేక నీరు గుండెవైపు వెళ్లేలా వీఏ షంట్‌కు మార్పించుకున్నారా? జ్వరమో, తీవ్రమైన తలనొప్పో, మగతో వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఈ రోజువారీ నొప్పితో ఉద్యోగాన్ని, నిద్రను ఎలా నెట్టుకొస్తున్నారని. వచ్చే నెల న్యూరోసర్జన్‌ను కలిసినప్పుడు ఏయే విషయాలు తప్పక అడగాలో కూడా దయచేసి తెలియజేయగలరు.