గేమ్ తనంతట తానే గ్రాఫిక్స్ తగ్గించుకోవాలా, ఆటగాడికే వదిలేయాలా?

నీలిమేఘం
చిన్న టీమ్‌లో మొబైల్ గేమ్‌కి గ్రాఫిక్స్ కోడ్ రాస్తున్నాను. మా దగ్గర ఒక వాదన ఎంతకీ తెగడం లేదు. సీన్ బరువెక్కితే గేమే రిజల్యూషన్ (గీసే పిక్సెళ్ల సంఖ్య) తగ్గించుకోవాలని సగం మంది అంటున్నారు. మెనూలో లో, మీడియం, హై పెడితే చాలు, ఆటగాడు ఎంచుకున్నదాన్ని మనం ముట్టుకోకూడదని మిగతా సగం. నేను రెండో పక్షం. మా గేమ్‌లో గుహలోంచి బయటికి రాగానే లోయ, దూరంగా కోట కనిపిస్తాయి. ఆటోమేటిక్ పద్ధతి ఆన్ చేసి చూస్తే, సరిగ్గా అక్కడే కోట గోడలూ చెట్ల ఆకులూ కలిసిపోయి, కళ్లద్దాలు తీసేసినట్టు అయిపోయింది. ఆర్టిస్టులు నెలల తరబడి చేసిన పని చూడాల్సిన క్షణంలోనే పాడవుతోంది. మీరేమంటారు?

పాతకన్సోల్
తప్పు పద్ధతిది కాదండీ, వాడిన తీరుది. 2008లో పీఎస్3 (ప్లేస్టేషన్ 3)కి వచ్చిన వైపౌట్ హెచ్‌డీ అనే రేసింగ్ గేమ్ 1080పిలో, సెకనుకు 60 ఫ్రేములతో నడిచేది. ట్రాక్ మీద హడావిడి పెరిగితే అడ్డంగా ఉండే పిక్సెళ్లని మాత్రమే తగ్గించుకునేది, నిలువుగా 1080 అలాగే ఉంచేది. ఆడినన్నాళ్లూ నాకు ఆ సంగతే తెలియలేదు. అంత వేగంలో కాస్త మసకని కన్ను పట్టుకోదు. ఫ్రేమ్ తప్పితే మాత్రం చేతికి వెంటనే తెలిసిపోతుంది.

తాళంవేయండి
రేసింగ్‌కి సరే. షూటింగ్ పోటీల్లో ఆడేవాళ్ల సంగతేంటి? దూరంగా కిటికీలో శత్రువు తల నాలుగైదు పిక్సెళ్లే ఉంటుంది. బాంబులు పేలి, సీన్ బరువెక్కేది కూడా సరిగ్గా అప్పుడే. నాకు చూపు అవసరమైనప్పుడే మీరు చూపు తగ్గిస్తున్నారు! నేను హై పెట్టానంటే హైలోనే ఉండాలి.

ఫ్రేమ్‌లెక్క
తాళంవేయండి గారూ, పోటీ ఆట గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ‘హై అంటే హై’ అన్నది ఫోన్‌లో నిలబడదు. మొదట చల్లగా ఉన్న ఫోన్ కాసేపు ఆడేసరికి వేడెక్కుతుంది, అప్పుడు అదే జీపీయూ (బొమ్మలు గీసే చిప్) వేగం తగ్గించేస్తుంది. మెనూలో హై అన్న అక్షరాలు అలాగే ఉంటాయి, కింద ఉన్న శక్తి మాత్రం తగ్గిపోయింది. 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి మన చేతిలో ఉన్నది 16.67 మిల్లీసెకన్లు. 60 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ అయ్యేది) మీద వీసింక్ (స్క్రీన్ రిఫ్రెష్ అయ్యేటప్పుడే కొత్త ఫ్రేమ్ చూపించే సెట్టింగ్) ఉంటే, 17 పట్టినా ఆ ఫ్రేమ్ తర్వాతి రిఫ్రెష్ దాకా ఆగాల్సిందే. అంటే 33.3 అయినట్టే. బొమ్మలో కొంత వదులుకోవాలి, లేదంటే ఆట నడకలో వదులుకోవాలి.

నా బాధ వేరే. రిజల్యూషన్ ఒక్కటే మన చేతిలో ఉన్నట్టు మాట్లాడుకుంటున్నాం. ఏ సీన్ ఎక్కడ బరువో ముందు చూడాలి కదా! వందమంది సైనికులు పరిగెత్తే చోట చాలాసార్లు సీపీయూ (ఫోన్ ప్రధాన ప్రాసెసర్) మీదే భారం పడుతుంది: ఒక్కొక్కరి యానిమేషన్, ఒక్కొక్కరికీ డ్రా కాల్స్ (గీయమని జీపీయూకి పంపే ఆదేశాలు). అక్కడ రిజల్యూషన్ సగానికి కోసినా సమయం దాదాపు ఏమీ ఆదా కాదు, బొమ్మ మాత్రం పోతుంది. దూరంగా ఉన్నవాళ్ల యానిమేషన్ రెండు ఫ్రేములకోసారి అప్‌డేట్ చేస్తే చాలు.

పొగ సంగతి ఇంకోలా ఉంటుంది. స్క్రీన్ నిండా పది పారదర్శక పొరలుంటే ప్రతి పిక్సెల్‌కీ పదిసార్లు రంగు పూస్తున్నట్టే. పొగని మాత్రం వేరే బఫర్‌లో (విడి బొమ్మగా) సగం వెడల్పు, సగం ఎత్తులో గీసి తర్వాత కలిపితే, పూయాల్సిన పిక్సెళ్లు నాలుగో వంతుకి దిగుతాయి. పొగకి పదునైన అంచులుండవు కాబట్టి కంటికి ఆనదు. వెనకున్న కిటికీ, అందులోని తల పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంటాయి. మెనూలూ అక్షరాలూ ఎప్పుడూ పూర్తి రిజల్యూషన్‌లోనే గీయాలి, వాటిని మసకబారిస్తే క్షమించలేం.

నీలిమేఘం గారూ, మీ గుహ దగ్గర జరిగింది ఇదీ అనుకుంటున్నాను: ఆటోమేటిక్ పద్ధతి వెనకటి ఫ్రేముల సమయం చూసి నిర్ణయిస్తుంది. గుహలో తేలిగ్గా ఉంది, బయటికి రాగానే ఒక్కసారి భారం పడింది, అది కంగారుగా రిజల్యూషన్‌ని అట్టడుగుకి దించేసింది. గుహ ద్వారం ఎక్కడుందో గేమ్‌కి ముందే తెలుసు కదా. అక్కడికి రాకముందే వేరేవి తగ్గించి పెట్టుకోవచ్చు. రిజల్యూషన్ ముట్టుకునేముందు నీడల ఖర్చు ఒకసారి కొలిచి చూడండి.

పాతకన్సోల్
డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ 2 లాంటి, తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెద్దది చేసే అప్‌స్కేలర్లు ఉన్నాయి కదా అనేవాళ్లకి ఒక మాట. అవి మోషన్ వెక్టర్ల (ఏ పిక్సెల్ ఎటు కదిలిందో చెప్పే లెక్కల) మీద ఆధారపడతాయి. వాన చినుకులకీ నిప్పురవ్వలకీ చాలా గేముల్లో అవి రాయరు, దాంతో వెనకాల తోకలు కనిపిస్తాయి.

తాళంవేయండి
ఫ్రేమ్‌లెక్క గారు చెప్పినట్టు పొగని తగ్గించి కిటికీని వదిలేస్తే నాకు అభ్యంతరం లేదు. అయినా ఒకటి అడుగుతాను: ఇంతకన్నా కిందికి దిగొద్దు అని రిజల్యూషన్‌కి హద్దు పెట్టే ఆప్షన్ మెనూలో ఇవ్వండి. 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్నవాళ్లకి 40 ఫ్రేముల ఆప్షన్ కూడా. మూడు రిఫ్రెష్‌లకి ఒక ఫ్రేమ్, 25 మిల్లీసెకన్లు, లెక్క సమంగా సరిపోతుంది. తడబడే 60 కన్నా అదే నయం.

నీలిమేఘం
నిన్న రాత్రి పాత ఫోన్‌లో గుహ ద్వారం దగ్గరే కూర్చుని కొలిచాను. సమయం ఎక్కువగా తింటున్నది నీడలే! కోట వెనక అడవిలో ప్రతి చెట్టూ షాడో మ్యాప్‌లోకి (నీడలు ఎక్కడ పడాలో లెక్కగట్టే బొమ్మలోకి) వెళ్తోంది. స్క్రీన్ మీద ఆ నీడలు కనిపించను కూడా కనిపించవు. ద్వారానికి ముందే నీడల దూరం తగ్గించాను, రిజల్యూషన్ ముట్టుకోలేదు, కోట పదునుగా నిలబడింది. హద్దు పెట్టే ఆప్షన్ గురించి రేపు టీమ్‌లో అడుగుతాను, నా వాదన మార్చుకున్నానని కూడా చెబుతాను. పొగని సగానికి దించితే మాత్రం చెట్టు మానుల అంచుల దగ్గర మెట్లు మెట్లుగా కనిపిస్తోంది. దీనికేం చేయాలి?

ఫ్రేమ్‌లెక్క
కలిపేటప్పుడు డెప్త్ (కెమెరా నుంచి దూరం) పోల్చండి. మానుకి దగ్గరి డెప్త్ ఉన్న పొగ పిక్సెల్‌నే తీసుకోండి, పక్కవాటి సగటు వద్దు. అంచుల దగ్గర మాత్రమే అలా చేసినా సరిపోతుంది.