మార్చి కార్యక్రమం: హైదరాబాద్ ఆడవాళ్ల పోస్టర్లు ఎవరెవరు తీసుకుంటారు?

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. మహిళా దినోత్సవానికి ఈసారి శాలువాలు, సన్మానాలు వద్దనుకున్నాం కదా. పోస్టర్లు, పిల్లల నాటిక చాలు. ప్రముఖుల వరస పెట్టకుండా మనవాళ్లు ఒకప్పుడు హైదరాబాద్ బస్సుల్లో దాటుకుంటూ పోయిన పేటల పేర్లతో పెడదామని నా ఆలోచన. హయత్‌నగర్, మౌలాలి, అఫ్జల్‌గంజ్, రెడ్‌హిల్స్. తెలిసిన పేరు కనిపిస్తే ఎవరైనా ఆగుతారు, ఆగితే చదువుతారు.

పోస్టర్ల టీమ్:
హయత్‌నగర్ నేను రాస్తానక్కా. హయాత్ బక్షీ బేగం నగరం కట్టించిన మహమ్మద్ కులీ కూతురు, తర్వాతి సుల్తాన్ భార్య, ఆ తర్వాతి సుల్తాన్ అబ్దుల్లాకు తల్లి. 1626లో కొడుకు చిన్నవాడిగా గద్దెనెక్కితే పెత్తనమంతా ఆమే చూసింది. కులీ ప్రేమించాడని చెప్పుకునే భాగమతిని కూడా పెడదామా? వచ్చినవాళ్లు ముందు అదే అడుగుతారు.

కోఆర్డినేటర్:
వద్దు. ఆమె అసలు ఉందా లేదా అన్నదే ఇంకా తేలలేదు. ఆధారాలున్నవాళ్లకే గోడ చాలట్లేదు.

మౌలాలి పోస్టర్:
మహలఖా బాయి చందా (1768–1824) నాది. ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో పలుకుబడి ఉన్న మనిషి. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉంది. ‘దివాన్ (కవితల సంపుటి) వెలువరించిన మొట్టమొదటి స్త్రీ’ అని అంతటా రాస్తున్నారు కానీ, అంతకుముందే లుత్ఫున్నిసా ఇంతియాజ్ ఉంది. మనం ‘తొలితరం కవయిత్రి’ అందాం. ఎవరో ఒకరు వచ్చి తప్పు పట్టుకునేదాకా ఎందుకు?

డాక్టరు సభ్యురాలు:
అప్పటి పెద్దాస్పత్రి ఉన్న అఫ్జల్‌గంజ్ ఇంకెవరికీ ఇవ్వకండి! నేను మత్తు డాక్టర్ని, రూపాబాయి ఫర్దూన్‌జీ మా వృత్తికి పెద్దమ్మ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరని చెబుతారు. 1880ల చివర్లో ఆమె హైదరాబాద్‌లో వైద్యం చదివే రోజుల్లోనే, నిజాం డబ్బుతో అక్కడి వైద్య పాఠశాల ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ, అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద కమిషన్లు (పరిశోధన సంఘాలు) నడిపాడు. క్లోరోఫాం ఎక్కువైతే ముందు గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అన్నది అప్పటి గొడవ. లారీ పక్షం ఊపిరే ముందంది. అందుకే మత్తిచ్చేవాళ్లు రోగి ఛాతీ మీంచి చూపు తిప్పకూడదు. బల్ల మీద ఒక గుడ్డ గొట్టం, ఖాళీ సీసా పెడతాను. ముక్కు మీద గొట్టం పెట్టి, లోపలి దూదిని తడిపి, ఛాతీ లేచి దిగడం ఎలా గమనించేవాళ్లో పిల్లలకు బొమ్మతో చూపిస్తాను. మెషీన్లు లేవు, మానిటర్లు లేవు. తలుచుకుంటే నాకే టెన్షన్.

పెద్దలలో ఒకరు:
అమ్మాయిలూ, అన్నీ బాగున్నాయి. కానీ ఇప్పటిదాకా బేగంలు, దర్బారు, డాక్టర్లే. చిలకలగూడ ఏది? ఈశ్వరీబాయి గారు అక్కడే పుట్టి, 1951లో అక్కడినుంచే కౌన్సిలర్‌గా గెలిచారు. తర్వాత ఎల్లారెడ్డి ఎమ్మెల్యే అయ్యారు. సదాలక్ష్మి గారు ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్. ఇద్దరూ దళిత మహిళలు, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లు. వీళ్లను మూలన చిన్న ఫొటోలుగా అతికిస్తే నేనొప్పుకోను.

కోఆర్డినేటర్:
మీ మాటే బాబాయ్ గారూ. గుమ్మంలోకి రాగానే కనపడేది చిలకలగూడే. రాసేది మీరే, తప్పించుకోడానికి లేదు.
రెడ్‌హిల్స్ గురించి ఒక మాట. నీలోఫర్ ఆస్పత్రి అనగానే అందరూ నిజాం కోడలు, యువరాణి నీలోఫర్ అందం గురించే రాస్తారు. 1949లో ఆమె దగ్గర పనిచేసే రఫత్ ఉన్నిసా కాన్పులో చనిపోయింది. ఆ బాధలోంచే తల్లీపిల్లల ఆస్పత్రి ఆలోచన పుట్టింది, 1953లో అది మొదలైంది. పోస్టర్ మీద రెండు పేర్లూ ఒకే సైజులో ఉండాలి.

నాటిక టీమ్:
మేం 1908 మూసీ వరద తీసుకున్నాం. సరోజినీ నాయుడు సహాయ పనులు, దానికి బ్రిటిష్ వాళ్లిచ్చిన కైసర్-ఎ-హింద్ పతకం, జలియన్‌వాలాబాగ్ తర్వాత దాన్ని తిప్పి పంపడం. నదికి నీలం చీరలు కావాలి, పాతవే ఇవ్వండి. చిరిగితే మమ్మల్ని అనొద్దు.

కోఆర్డినేటర్:
ఫొటోలు నెట్‌లోంచి దించకండి. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలతో తీయించండి. రాసినవన్నీ ఆదివారం రాత్రికల్లా పెడితే సోమవారం ప్రింటుకిస్తాను. స్టాండ్లు తేవడానికి పెద్ద బండి ఉన్నవాళ్లెవరో చెప్పండి, పోయినసారిలాగా చివరి నిమిషంలో వద్దు.